వకీలమ్మకు చెప్పిన నొప్పులు

ఏవండీ, మీ సైన్యం పెన్షన్ అప్పీలు కాగితాలు బీరువా పై అరలో ఉన్నాయి. ఫైబ్రోమయాల్జియా అని, అదే మీ ఒళ్ళంతా నొప్పుల జబ్బు పేరు, రాసిన డాక్టరు చీటీ అన్నిటికన్నా పైన పెట్టాను. అన్నం తిన్నాకే మాత్ర వేసుకోండి.

వకీలమ్మ మిమ్మల్ని రాయమన్న నొప్పుల పుస్తకం జిరాక్స్ తీయిస్తూ చదివాను. దుప్పటి తగిలినా ఒళ్ళు మండుతుందట, చొక్కా గుండీకి వేళ్ళు వంగవట! పదకొండేళ్ళుగా నేనడిగితే "ఏం లేదులేవే" అన్నారు. ఆవిడ ఒక్కసారి అడిగితే నలభై పేజీలా?

మీ "ఏం లేదు" నమ్మే, పోయినసారి నా సాక్ష్యంలో "నొప్పి అని ఎప్పుడూ అనలేదు" అని రాసిచ్చాను. అందుకే అర్జీ కొట్టేశారు. ఈసారి నా కాగితం ఇంకా ఖాళీగానే ఉంది. సాయంత్రం నేను వచ్చాక మీరు చెబితే రాస్తాను.

తా.క. ఆవిడకి చెప్పని నొప్పి ఒక్కటైనా మిగిలి ఉంటే, అది ముందు నాకు చెప్పండి.