సత్తన్న వద్దన్న బొమ్మ

మంగళవారం, నల్లగొండ

సత్తన్న పాటల చానెల్‌కు లోగో గీయడం తేలికే అనుకున్నాను. ఫ్లోరైడ్ నీళ్లు చిన్నప్పుడే ఆయన కాళ్లను వంచేశాయి. గొంతును మాత్రం ఏమీ చెయ్యలేకపోయాయి. "నా కాళ్లొద్దు చెల్లె, డప్పొక్కటి గియ్యి" అని మొన్ననే చెప్పాడు. అలాగే గీశాను. గుండ్రటి డప్పు, చుట్టూ ఆయన పేరు.

ఈ రోజు సత్తన్న, చానెల్ నడిపే రాజుతో కలిసి మా డిజైనింగ్ షాపుకు వచ్చాడు. రాజు కంప్యూటర్ తెర మీద డప్పును చూసి పెదవి విరిచాడు.

"డప్పులు మస్తుగున్నయ్ మేడం. వంకర కాళ్ల మనిషిని పెట్టు. జనం పాపమని చూస్తరు."

"అన్న వద్దన్నడు గదా" అన్నాను. రాజు వినిపించుకోలేదు. సత్తన్న వైపు చూశాను. ఆయన డప్పునే చూస్తున్నాడు.

"గియ్యి చెల్లె. పాట నలుగురికి ఇనపడాలె గద" అన్నాడు.

ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే ఆ కాళ్లు గీశాను. ఇంకేం చెయ్యాల్సిందో ఇప్పటికీ తోచడం లేదు. అన్నే ఒప్పుకున్నాక నేనెవరిని...

వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర చెయ్యి అందించాను. పట్టుకోలేదు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వెళ్లిపోయాడు.