సొట్ట తియ్యకు

పూజ్యులైన బాబాయిగారికి మీ అన్నగారబ్బాయి నమస్కారాలు.

బండి క్షేమంగా చేరింది. పిన్ని దాన్ని టార్పాలిన్‌లో చుట్టి, తాళ్ళు బిగించి, వ్యాన్ ఎక్కించి పంపింది. ఆ ముడులు విప్పడానికే నాకు ఒక పూట పట్టింది. మీరు చూస్తే బాధపడతారని మీరు మోకాలి డాక్టరు దగ్గరికి వెళ్ళిన సమయం చూసి పంపిందట.

చిన్నప్పుడు మీరు నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టి తిప్పేవారు గానీ, ఆ వయసులో హారను తప్ప ఇంకేదీ చూడలేదు. కాబట్టి ఇదే మొదటి చూపు. నిలువెల్లా తుప్పు. అసలు రంగేమిటో కూడా తెలియడం లేదు. మీ షరతు మర్చిపోలేదు: ఏ మెకానిక్కుకీ చూపించను, అంతా నా చేతులతోనే చేస్తాను. నాకు తెలిసిన యంత్రం కుట్టుమిషను ఒక్కటే. అయినా ధైర్యంగా ఉన్నాను.

మొదటి సందేహం. కిక్కు రాడ్డు ఎక్కడుంది?

ఇట్లు,
మీ దర్జీ

తా.క.: విప్పిన నట్లూ బోల్టులూ పోకుండా బొత్తాల డబ్బాల్లో వేస్తున్నాను. మీ కోడలికి ఈ ఏర్పాటు నచ్చలేదు.

---

చిరంజీవి దర్జీకి బాబాయి ఆశీస్సులు.

కిక్కు రాడ్డు కుడివైపు ఉంటుంది. గేరు కూడా కుడివైపే. చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. ఇలాంటి వాటికి ఫోను చెయ్యకుండా ఉత్తరం రాసి మంచిపని చేశావు. జీవితమంతా బస్సు ఇంజను పక్కన కూర్చున్న చెవులు, ఫోనులో నాకు ఏమీ వినపడదు.

నా మోకాలు ఇక కిక్కు కొట్టలేదు. అందుకే నీకిచ్చాను. ఇచ్చిన రోజు నుంచీ మీ పిన్ని నాతో మాట్లాడటం లేదు. కంచం పెడుతుంది, మందులిస్తుంది, ఈ ఉత్తరాలు అంటించి పోస్టు చేస్తుంది, పెదవి మాత్రం విప్పదు. ఇల్లు ఆఖరి ట్రిప్పు అయిపోయిన బస్సులా ఉందిరా. నువ్వు ఆ బండి బాగుచేసి మా గుమ్మం ముందుకి తీసుకురా. ఆ దడదడ చప్పుడు వింటే ఆవిడ మనసు కరుగుతుందని నా ఆశ. ఇంకే ఉపాయమూ తోచడం లేదు.

ఆశీస్సులతో,
బాబాయి

తా.క.: ట్యాంకు మీద ఎడమపక్క సొట్ట ఉంటుంది, అది తియ్యకు. పెళ్ళైన కొత్తలో మీ పిన్ని "నేనూ నడుపుతా" అని హ్యాండిలు పట్టుకుని తిన్నగా పోయి గేటుకి గుద్దింది. ఆ రోజు నేను నవ్విన నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ పొట్ట నొప్పి. మళ్ళీ ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదులే.

---

బాబాయిగారికి నమస్కారాలు.

కుడివైపంతా వెతికాను. కిక్కు లేదు, గేరు లేదు, బ్రేకు ఉంది. ఎడమవైపు ఒకే ఒక రాడ్డు ఉంది. నొక్కితే గేరులా కదులుతోంది, లోపలికి తోసి పైకి తిప్పితే కిక్కులా లేస్తోంది. ఇదేం వింత? పైగా సైలెన్సర్లు రెండున్నాయి. రెండోది మీరు చెప్పలేదు. మర్చిపోయారా?

ఏమీ అర్థంకాక ఇంజను విప్పేశాను. ఇప్పుడు బొత్తిగా అర్థం కావడం లేదు.

ఇట్లు,
మీ దర్జీ

తా.క.: ప్లీడరుగారి కోటుకి పొరపాటున బొత్తాం బదులు వాషరు కుట్టి పంపాను. ఆయన కొత్త ఫ్యాషననుకుని మిగతావి కూడా అలాగే మార్చమంటున్నారు.

---

చిరంజీవికి ఆశీస్సులు.

నీ తికమకకి కారణం దొరికింది. దర్జీవి కదా, మనిషికి ఎదురుగా నిలబడి కొలతలు తీసే అలవాటు. బండికి కూడా ఎదురుగా నిలబడ్డావు. అందుకే నీకు కుడి ఎడమయింది. సీటు మీద కూర్చుని చూడు నాయనా, అన్నీ సర్దుకుంటాయి.

సైలెన్సరు ఒక్కటే. రెండు కనిపిస్తున్నాయంటే కళ్ళు చూపించుకో.

ఇక పని సంగతి. కార్బురేటరు విప్పి రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టు. దాంట్లో పెట్రోలు చిమ్మే జెట్టు రంధ్రంలో ఇనప తీగ పెట్టకు, పెద్దదైపోతుంది. బ్రష్షు వెంట్రుకతో పొడుచు. కుడిపక్క గుండ్రటి మూత కింద నిప్పురవ్వ పుట్టించే పాయింట్లుంటాయి, వాటిని సన్నటి గరుకు కాగితంతో రుద్దు. కిక్కు కొట్టేముందు ఇంజను బిగుసుకునేదాకా నెమ్మదిగా నొక్కి, అప్పుడు ఒక్క తన్ను. ఈ కిటుకు తెలిస్తే మోకాలికి దెబ్బ తగలదు. నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆశీస్సులతో,
బాబాయి

తా.క.: ఉత్తరం రాసి బల్ల మీద పెట్టి రెండు రోజులైంది, ఇది ఇవాళ కలుపుతున్నాను. ఇంట్లో కిరసనాయిలు డబ్బా ఖాళీ. పళ్ళు తోముకునే బ్రష్షు బోడిగుండు. మీ పిన్ని గోళ్ళ నిండా నలుపు. మూకుళ్ళు తోముతున్నట్టుంది పాపం, కోపమంతా గిన్నెల మీద చూపిస్తోంది.

---

బాబాయిగారికి నమస్కారాలు.

సీటు మీద కూర్చుని చూశాను. కుడి కుడే, ఎడమ ఎడమే. కళ్ళు చూపించుకున్నాను, అద్దాలొచ్చాయి. ఇప్పుడు రెండు సైలెన్సర్లూ ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

మీ కిటుకులు ఒక్కటీ పనిచెయ్యలేదు. మీరు చెప్పినచోట పాయింట్లే లేవు. అన్నిటికంటే పెద్ద సందేహం: ట్యాంకు మీద సొట్ట లేదు. తుప్పంతా గీకి, అరచేత్తో తడిమి చూశాను. అద్దంలా నున్నగా ఉంది.

మనసులో మాట చెబుతున్నాను, కోప్పడకండి. వయసు మీద పడినప్పుడు జ్ఞాపకాలు కాస్త కలగాపులగం అవుతాయట. ఒకసారి డాక్టరుకి చూపించుకుంటే మంచిదని మీ కోడలు అంటోంది. నేననడం లేదు.

ఇట్లు,
మీ దర్జీ

తా.క.: నేను కూడా అంటున్నాను.

---

దర్జీకి,

ఆశీస్సులు ఈసారి లేవు.

సొట్ట తీసేశావు! తియ్యకురా అని రాసినా వినకుండా సుత్తితో సరిచేసి, ఇప్పుడు నాకు మతి పోయిందంటున్నావు. అది ఉత్త సొట్టనుకున్నావా? ఆవిడ వెనక కూర్చుని, చెయ్యి చాచి దాని మీద తట్టేది, "నెమ్మది" అని. ఆ చోటు లేకపోతే ఆవిడ చెయ్యి ఎక్కడ పెట్టుకుంటుంది? ఆ బండి మీద ఆవిడదంటూ ఉన్నది అదొక్కటేరా.

అయినా డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఇవాళ ఏ వారమని అడిగాడు. రిటైరైనవాడికి వారమెందుకన్నాను. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. అప్పటి నుంచీ నాకే అనుమానంగా ఉంది. నిన్న కూర్చుని నా బండి బొమ్మ గీశాను. ఒకటే సైలెన్సరు వచ్చింది. తర్వాత రెండోది కూడా గీసి చూశాను. అదీ బాగానే ఉంది.

బాబాయి

తా.క.: మీ పిన్ని రోజూ సాయంత్రం వాళ్ళక్క ఇంటికి వెళుతోంది. వచ్చాక ఆవిడ పక్కన పెట్రోలు వాసన వేస్తోంది. ముక్కు కూడా పోయిందన్నమాట. డాక్టరుకి చెప్పలేదు.

---

పూజ్యులైన బాబాయిగారికి వేయి నమస్కారాలు.

తప్పంతా నాదే. మీరు బెంగపెట్టుకోకండి, సొట్ట మళ్ళీ పెట్టేశాను! టేపు పెట్టి కొలిచి, సుద్దముక్కతో గీత గీసి, మెత్తటి గుడ్డ పరిచి, సుత్తితో ఒక్క పోటు. మీ కోడలు తలుపు చాటు నుంచి చూసి వాళ్ళమ్మకి ఫోను చేసింది.

ఇంకో శుభవార్త. బండి స్టార్టయింది! సైలెన్సర్లు రెండూ పొగ వదిలాయి. మీరు చెప్పిన దడదడ మాత్రం రాలేదు, టింగుటింగు మంటోంది. తుప్పు వదిలించి నీలం రంగు వేశాను. సీటుకి కోటు గుడ్డ మిగిలితే కుట్టాను, ఓ పక్కన జేబు కూడా పెట్టాను. ఆదివారం పొద్దున్నే మీ గుమ్మం ముందుంటాను. పిన్ని తప్పకుండా మాట్లాడుతుంది.

ఇట్లు,
మీ దర్జీ

తా.క.: బిగించాక మూడు నట్లు మిగిలాయి. బండి నడుస్తోంది గనక అవి అనవసరమైనవనుకుంటాను.

---

చిరంజీవి అబ్బాయికి పిన్ని ఆశీస్సులు.

నీ ఆఖరి ఉత్తరం మీ బాబాయి చేతికి ఇవ్వలేదు. ఇస్తే ఆ మనిషి నిజంగానే మంచాన పడతాడు. ఆదివారం నువ్వు వచ్చేలోగా నిజం నీకు తెలియాలి.

అది మీ బాబాయి బండి కాదు నాయనా. మా అక్క మొగుడి పాత ఇనుము కొట్లో పడి ఉన్నదాన్ని తెచ్చి, టార్పాలిన్ చుట్టి నీకు పంపాను. అసలుది ఆ కొట్టు వెనక రేకుల షెడ్డులో ఉంది. నన్నొక్క మాట అడక్కుండా ఇచ్చేస్తాననేసరికి నాకు ఒళ్ళు మండింది. ఆ బండి మీద నేను చూసింది ఏమిటో తెలుసా? ఆయన వీపు. ఊళ్ళు మారాయి, చొక్కాలు మారాయి, నాకు కనిపించింది ఆ వీపే. ముందు కూర్చుంటే రోడ్డు ఎలా ఉంటుందో చూడాలనుంది, అంతే.

ఆయన్ని అడిగితే ఆ నవ్వే నవ్వుతారు. అందుకని ఆయన నీకు రాసిన ఉత్తరాలు అంటించేముందు, నీవి ఆయన చేతికిచ్చేముందు చదువుకున్నాను. కిరసనాయిలు, బ్రష్షు వెంట్రుక, గరుకు కాగితం, అన్నీ చెప్పింది చెప్పినట్టు చేశాను. నీకు పనిచెయ్యని కిటుకులన్నీ నాకు పనిచేశాయి. బావగారు వెనక పరిగెత్తుతూ నేర్పారు. ఇప్పుడు ఆయనకీ మోకాలి నొప్పి. మీ బాబాయితో మాట్లాడనిది కోపంతో కాదు. నోరు తెరిస్తే నిజం జారిపోతుందని భయం. చాలా కష్టంగా ఉంది నాయనా, చెప్పుకోవలసిన కబుర్లు బోలెడు మిగిలిపోయాయి.

సొట్ట అలాగే ఉంది. ఆ రోజు నవ్వు ఆయన దాచుకున్నారు, సొట్ట నేను దాచుకున్నాను. నీ బండి నీదే, నిక్షేపంలాంటి ట్యాంకుకి నువ్వు పెట్టిన సొట్టతో సహా.

ఆదివారం నువ్వు రా. ఆయన్ని గుమ్మంలో కూర్చోబెట్టు. ముందు నీ టింగుటింగు వినిపించు. ఆయన మొహం వాడిపోతుంది. అప్పుడు సందు మలుపులో నుంచి దడదడమంటూ నేనొస్తాను. ఎక్కమంటాను. ఎక్కకపోతే నువ్వు ఎక్కించు.

ఆశీస్సులతో,
పిన్ని

తా.క.: వెనక సీటు కొలతలు పంపుతున్నాను. మెత్తగా కుట్టి తీసుకురా, ఆయన నడుము సంగతి తెలుసుగా. పట్టుకోడానికి ఒక పట్టీ కూడా పెట్టు. నాకైతే ఆ వసతి ఉండేది కాదు.