ఎర్రంచు పొత్తిగుడ్డలు

మోత్కూర్,
ఆదివారం

ప్రియమైన గ్రేస్,

పొత్తిగుడ్డలు సిద్ధమయ్యాయి! జాంబియాలో మీ ఆసుపత్రిలో పసిపిల్లలను పాత దుప్పటి ముక్కల్లో చుడుతున్నారని నువ్వు రాసిన దగ్గర్నుంచి మా వీధి మగ్గాలన్నీ వాటికోసమే ఆడాయి.

ఒక్క సంగతి చెప్పాలి. క్రిములు చావాలని మరిగిస్తే రంగు దిగుతుందని మీ డాక్టరమ్మ అంచులేని తెల్లబట్టే అడిగారు. మా అవ్వ వినలేదు.

"అంచులేని తెల్లబట్ట పీనుగుకు కప్పుతరు బిడ్డా. పుట్టిన పిల్లకు కప్పుతరా? నీ దోస్తుకు గిదన్న తెల్వదా?"

అన్నింటికీ ఎర్రంచు వేయించింది. నాకు భయమేసి, ఒకదాన్ని బట్టల సోడా నీళ్ళలో మరిగించాను. అవ్వ పొయ్యి పక్కనే నిలబడింది.

"నేనద్దిన రంగుకే పరీక్ష వెడుతున్నవా?"

నీళ్ళు తేటగానే ఉన్నాయి గ్రేస్! మళ్ళీ మళ్ళీ మరిగించినా ఎరుపు కాస్తయినా దిగలేదు. అవ్వను పట్టుకుని వాకిట్లో గిర్రున తిప్పేశాను, అనుమానపడిన నేనే!

రేపు పార్శిల్ పంపుతున్నాం. అందులో ఈ ఉత్తరం కింద ఉన్నది ఆ మరిగించిన గుడ్డే. డాక్టరమ్మ వద్దంటే ఆమె ముందే ఇంకోసారి మరిగించు. అప్పటికీ వద్దంటే అవ్వకు ఫోన్ చేయమను. ఆమె మాటలు నేను ఇంగ్లీషులో చెబుతాను, కొన్ని వదిలేసి.

నీ స్నేహితురాలు