అమ్మ దగ్గర గడ్డి

ఆకివీడు,
నవంబరు.

ప్రియమైన స్నేహలతకు నాన్న దీవించి రాసేది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేను, మీ రూతమ్మత్త, నువ్వు వదిలి వెళ్లిన నల్లకోడి క్షేమం. మఠంలో నువ్వూ, నీతోటి పిల్లలూ, మదర్‌గారూ క్షేమమని నమ్ముతున్నాను. కన్యాస్త్రీగా ప్రమాణం చేసి నీ మాటపట్టు అయ్యాక నిన్ను ‘సిస్టరుగారూ, మీరు’ అనాలట. అత్త ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటోంది. నావల్ల కాదు, ముందే చెబుతున్నాను.

గడ్డి కోసే మిషను ఎలా ఉందని అడిగావు. నాకంటే నయంగానే ఉంది. ఈ ఏడు కొల్లేరు నీళ్లు ఆలస్యంగా దిగాయి. చేపల చెరువు గట్ల మీద తుంగ నడుమెత్తు లేచింది, పనికి లోటు లేదు. ఒకసారి స్టార్టవకుండా మొరాయిస్తే ప్లగ్గు విప్పి మసి గీకాను, ఎయిర్ ఫిల్టర్ కడిగి ఆరబెట్టాను. పెట్రోల్లో ఆయిల్ నేనే కలుపుకుంటున్నాను. ఎవరైనా ఉత్త పెట్రోలు పోశారంటే ఇంజను పట్టేస్తుంది. కళ్లద్దాలు పెట్టుకుంటున్నావా అన్నావు. పెట్టుకుంటున్నాను, చెవులు కూడా మూసుకుంటున్నాను. సాయంత్రానికి చేతులు జివ్వుమంటాయి, అందుకే అక్షరాలు ఇలా వంకర పోతున్నాయి.

సమాధుల పండుగకు అమ్మ సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించారా, అక్కడ నేను నాటిన నందివర్ధనం బతికిందా అని కూడా అడిగావు. ఆ రెండు ముక్కలకు జవాబు రాయలేకే ఈ ఉత్తరం ఆలస్యమైంది.

ఏటా పండుగ ముందు సమాధుల తోటలో గడ్డి కోసేది నేనే కదా. అక్కడ మిషనుకు నైలాన్ తాడే వాడాలి, బ్లేడు ఎక్కించకూడదని అందరికీ చెప్పేవాణ్ణి. తాడైతే కర్ర సిలువకు తగిలి తెగిపోతుంది, సిలువ నిలుస్తుంది. ఈసారి తుంగ ముదిరిపోయి తాడు ఊరికే తెగుతోంది. పండుగ రేపనగా సగం కూడా కాలేదు. విసుగొచ్చి తాడు విప్పి బ్లేడు బిగించాను. సిమెంటు సమాధుల వైపు జాగ్రత్తగానే కోశాను. మట్టి సమాధుల వరసలో బ్లేడుకు ఏదీ అడ్డు తగిలినట్టే అనిపించలేదు. కోసిన గడ్డి ఎత్తి పోస్తుంటే అందులో సర్వికర్ర సిలువ ముక్కలు కనిపించాయి. ఒక ముక్క మీద అమ్మ పేరు సగం ఉంది.

వరదకు మట్టి దిబ్బలన్నీ ముందే చదునైపోయాయి. ఆ వరసలో మిగతావి పేర్లు చెరిగిపోయిన పాత సిలువలు, వాటికోసం వచ్చేవాళ్లు కూడా లేరు. మోకాళ్ల మీద పాకుతూ వెతికాను తల్లీ. నేలలో మిగిలిన కర్ర మొదళ్లన్నీ ఒకేలా ఉన్నాయి. నీ మొక్క నీళ్లకే కుళ్లిందో, నా బ్లేడుకే పోయిందో తెలియలేదు.

మర్నాడు ఫాదర్‌గారు తీర్థం చల్లుకుంటూ వస్తున్నారు. ఎవరి సమాధి దగ్గర వాళ్లు నిలబడ్డారు. అత్త పూలబుట్టతో నా దగ్గరకొచ్చి, “ఏంటన్నయ్యా, అలా నించుండిపోయావు? వదిన దగ్గర సిలువేదీ?” అంది.

“నీళ్లకి కొట్టుకుపోయిందమ్మా. ఇక్కడే” అని ఒక చోటు చూపించేశాను.

అత్త అక్కడే కూలబడి పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, “వదినా” అంటూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎవరి సమాధి మీద ఏడ్చామో దేవుడికే తెలుసు.

అత్తకు ఇంకా నిజం చెప్పలేదు. నీకు చెబుతున్నాను. మాటపట్టు అయి ఇంటికి రాగానే ముందు అమ్మ దగ్గరికే వెళ్దాం నాన్నా అని రాశావు. ఆ రోజు నిన్ను ఎక్కడికి తీసుకెళ్లను? మొక్క నాటినప్పుడు ఎవరి సమాధికి ఎదురుగా నాటావో నీకేమైనా గుర్తుందా? గుర్తు లేకపోతే నీ తప్పేమీ లేదు.

మొదలు బతికుంటే నందివర్ధనం చిగురిస్తుందని రోజూ పొద్దున్నే వెళ్లి చూస్తున్నాను. గడ్డి అప్పుడే జానెడు లేచింది. క్రిస్మస్‌లోగా ఇంకోసారి కోసెయ్యమని ఫాదర్‌గారు కబురు పంపారు. మిషను భుజాన తగిలించుకుని గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేశాను. ఆ పచ్చదనంలో ఏది గడ్డో, ఏది మీ అమ్మ దగ్గరి చిగురో నాకు తెలియడం లేదు.

ఇట్లు,
మీ నాన్న
తోమా