వెనక సీటులో చెనిక్కాయల మూట

తిప్పేషూ, సంగటి కుండలో ఉంది. విమానం రెక్కల గుడ్డకు పూసిన రంగు ఆరేదాకా షెడ్డు తలుపు తెరవొద్దు, దుమ్ము పడుతుంది.

మనం కడుతున్న విమానంలో మీ అమ్మ కూర్చోవాల్సిన వెనక సీటులో ఆమె బరువుకు సరిగ్గా చెనిక్కాయల మూట కట్టి పెట్టాను. నలభై ఎనిమిది కిలోలు. తగ్గించొద్దు. ఉగాదికి నువ్వు ఆమెను కాటా మీద నిలబెట్టి తూచిన లెక్క అది. దసరాకు మళ్లీ తూచితే నలభై ఒకటే వచ్చింది. "తేలికైనావు లేమ్మా, మన విమానానికి మంచిదే" అని నవ్వి, కాగితంలో అంకె దిద్దుకున్నావు. ఏడు కిలోలు ఏమయ్యాయని అడగలేదు. ఇంకో నెలకు ఆమే లేదు. నేను మరిచిపోను.

రాయదుర్గం పోతున్నాను. రేపు వస్తాను.

నాయన

ఆ దసరా రోజు కాటా చూసి నీకు అంకె చదివి చెప్పింది నేనే. నేనూ అడగలేదు.