కుట్టుమిషన్ మూలలో సబ్‌వూఫర్

జూన్ 3
పాట మళ్ళీ వెనక్కొచ్చింది. బాస్ మరీ ఎక్కువైందట, కారు డోర్లు అదురుతున్నాయని డైరెక్టర్ అన్నాడు. నా బుల్లి మానిటర్ స్పీకర్లలో బాసే సరిగ్గా వినపడదు. వినపడక పెంచుతున్నాను, పెంచి చీవాట్లు తింటున్నాను. సినిమాకి నేను మిక్స్ చేస్తున్న మొదటి పాట ఇది. సోమవారంలోగా కుదరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాడట. బాస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్, సబ్‌వూఫర్, ఆర్డర్ పెట్టేశాను.

జూన్ 5, ఉదయం
వచ్చేసింది. మా ఆయన పెట్టె ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు. అది వచ్చిన సంతోషంలో నాకు జాలి కూడా వెయ్యలేదు.

అదే రోజు, మధ్యాహ్నం
సబ్ ఎక్కడ పెట్టాలో తేల్చే పద్ధతి తలకిందులుగా ఉంటుంది. దాన్ని నా కుర్చీలో కూర్చోబెట్టి, పాట పెట్టి, మనం నేలమీద పాకాలి. బాస్ ఎక్కడ సమంగా వినిపిస్తే అదే దాని చోటు. నేనూ మా ఆయనా మూలమూలా పాకుతుంటే అత్తయ్య వచ్చింది. నా చెవిదిద్దు పోయిందనుకుని, ఏమీ అడక్కుండా ఆవిడా కూలబడి బల్లకింద వెతకడం మొదలుపెట్టింది. నవ్వలేక చచ్చాం. చివరికి మంచి చోటు దొరికింది, సరిగ్గా ఆవిడ కుట్టుమిషన్ ఉన్న మూల. అడగడానికి నాకు నోరు రాక మా ఆయన్ని ముందుకు తోశాను. మిషన్ హాల్లోకి జరిపేయమంది. టీవీ చూస్తూ కుట్టుకోవాలని ఆవిడకి ఎప్పట్నుంచో ఉందట.

జూన్ 6
అబ్బ, ఏం మోత. కిటికీ అద్దాలు కూడా తాళం వేస్తున్నాయి. మళ్ళీ మిక్స్ చేసి పాట పంపేశాను. నా అంతటిది లేదు.

జూన్ 7, ఆదివారం
ఇప్పుడు అసలు బాసే లేదట. పాట చప్పగా ఉందట. కొత్త మోజులో సబ్‌ని ఫుల్లుగా పెంచి కూర్చున్నాను. గదిలో అంత మోగుతుంటే నా చెయ్యి పాటలో బాస్ తగ్గించేసింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది. రేపటితో గడువు ఆఖరు.

జూన్ 8
పొద్దున్నే నాకు బాగా తెలిసిన పాట పెట్టుకుని సబ్ కొంచెం కొంచెం తగ్గిస్తూ పోయాను. ఒక దగ్గర అది ఉన్నట్టే అనిపించలేదు. కొన్నది దండగైందని మా ఆయన నసిగాడు. సబ్ స్విచ్ తీసేశాను. పాట కింద నేల లాగేసినట్టయింది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. అదీ దాని కొలత. ఉన్నప్పుడు తెలియకూడదు, తీస్తే వెలితిగా ఉండాలి. మళ్ళీ మొదట్నుంచి మిక్స్ చేసి పంపాను.

జూన్ 9
డైరెక్టర్ ఫోన్ చేశాడు. పాట ఓకే. పాడిన అమ్మాయి గొంతు ఎంత బాగుందో చెప్పుకుంటూ పోయాడు. బాస్ సంగతి ఏమన్నాడని అత్తయ్య అడిగింది. ఒక్క మాట కూడా అనలేదని చెప్పి, ఆవిడ చేతులు పట్టుకుని హాలంతా గిర్రున తిప్పేశాను.