మూడుకాళ్ళ పెట్టె చూసిన గోల్

కే.జీ.కండిగై,
9-6-86

మా వెంకటపతి బావకు చెంగల్రాయుడు దండం పెట్టి రాసేది. ఇక్కడ నేనూ, గోవిందమ్మా, రెండు ఎద్దులూ క్షేమం. మీరు టీవీ కొన్నారని తెలిసి ఊరంతా క్షేమం.

మెక్సికోలో ఆడే ఫుట్‌బాల్ మణవాళనగర్‌లో కనపడుతోందని అక్క రాసింది. అంత దూరం మ్యాచ్ వచ్చేటప్పుడు కండిగైలో ఆడింది రాకుండా యాడికి పోతుంది? 1969 తాలూకా షీల్డు ఫైనల్ మరిచిపోయినావా? ఆ ఏడాది మేము ఓడిందే లేదు. కడాకు మీ తిరువళ్ళూరు టీమును ఒక్క గోల్‌తో మట్టి కరిపించినాము. ఆ రోజు ఒకాయన మూడుకాళ్ళ పెట్టె నిలబెట్టి, ఒక కన్ను మూసి, మమ్మల్నే సినిమా తీసినాడు గదా. నేను మూడుసార్లు చొక్కా సర్దుకున్నాను.

ఇప్పుడు దాంతో పని పడింది. బడి గ్రౌండు గేటుకు ప్రెసిడెంటు మునిస్వామి ఒక రాయి పెట్టిస్తున్నాడు. దాని మీద షీల్డు గోల్ కొట్టినవాడి పేరు చెక్కిస్తారంట. కొట్టింది నేను. సైకిల్ షాపు ఏళుమలై తానే కొట్టినానంటున్నాడు. మీ గోల్‌కీపరువు నువ్వే కాబట్టి నిన్నే సాక్షికి పిలుద్దామంటే, ఆ నిమిషంలో నువ్వు పెట్టె వైపు తిరిగి క్రాపు దువ్వుకుంటున్నావు. రెఫరీ ఆరోగ్యస్వామి సారు మీసం తిప్పుకుంటున్నాడు. ఇక టీవీయే దిక్కు. మా మ్యాచ్ వస్తే చూసి జాబు రాయి. నా పేరు లేకుంటే ఆ గేటులో అడుగు పెట్టను బావా, ఒట్టు.

ఇట్లు,
షీల్డు గోల్ కొట్టిన నీ బామ్మర్ది
చెంగల్రాయుడు

మళ్ళీ రాసేది: అక్కను టీవీ అద్దం బాగా తుడవమను. నా మొహం మీద దుమ్ము కనపడకూడదు.

మణవాళనగర్,
16-6-86

చిరంజీవి చెంగల్రాయుడికి బావ ఆశీస్సులు. మేము క్షేమం. ఏంటెనా మీద కాకి వాలనంత వరకు టీవీ కూడా క్షేమం.

నీ అదృష్టమే అదృష్టం! నిన్న ఆదివారం మీ మ్యాచ్ వచ్చింది. వ్యవసాయం కార్యక్రమంలో వేరుశనక్కాయ తెగులు చూపించి, వెంటనే మిమ్మల్ని చూపించినారు. నీ చారల నిక్కరు చూసి మీ అక్క "మా తమ్ముడే!" అని టీవీకి దిష్టి తీసింది. బంతి నీ కాలి దగ్గరికి వచ్చింది. నువ్వు కాలు ఎత్తినావు. అంతే, "తడంగలుక్కు వరుందుగిరోం" అని బోర్డు పెట్టేసినారు. అంతరాయానికి వాళ్ళు చింతించడం ముగించేలోగా గోల్ అయిపోయింది, అందరూ ఎగురుతున్నారు.

ఇట్లు,
వెంకటపతి

మళ్ళీ రాసేది: నా క్రాపు మాత్రం బాగా పడింది.

కే.జీ.కండిగై,
20-6-86

బావకు దండాలు. ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప.

ఆ బోర్డు పెట్టించింది ఏళుమలైయే! వాడి పెద్దమ్మ కొడుకు మద్రాసులో ట్యూబులైట్ల అంగడి పెట్టినాడు. కరెంటుతో పని చేసేవాళ్ళంతా వాడికి తెలుసు. నీ జాబు పంచాయతీలో అందరికీ చదివి వినిపించినాను. "కాలు ఎత్తినాడు సరే, కొట్టినట్టు యాడుంది?" అని ఏళుమలై వాదానికి దిగినాడు. ప్రెసిడెంటు రాయి పని ఆపించి, "ఒకసారి వేసినవాళ్ళు మళ్ళీ వేయరా, పోయి చూసొద్దాం" అన్నాడు. 29వ తేదీ ఆదివారం పొద్దున పాసింజరు బండికి ముప్పైరెండు మందిమి వస్తున్నాము. ఏళుమలై కూడా వస్తాడు. వాణ్ణి టీవీకి దూరంగా కూర్చోబెట్టు, తీగ పీకేస్తాడు.

ఇట్లు,
చెంగల్రాయుడు

మళ్ళీ రాసేది: అక్కకు శ్రమ వద్దు. కూర మేమే తెస్తాము. అన్నం మాత్రం ముప్పైరెండు మందికి వండితే చాలు.

మణవాళనగర్,
24-6-86

చెంగల్రాయుడికి, బండి ఎక్కకముందే చదవాల్సిన జాబు.

ఒరే నాయనా, రావద్దు! మ్యాచ్ రాలేదు, గీచ్ రాలేదు. నవ్వులాటకు రాసినాను. నీ జాబు చూసినప్పటి నుంచి మీ అక్క రంగనాయకమ్మ గరిటె పట్టుకుని నా నెత్తిన నిలబడింది. నిజం రాయమంటోంది, రాస్తున్నాను.

అసలు అది కెమెరానే కాదు. మా వెనక వీధిలో నటరాజన్ అని రిటైరైన సర్వేయర్ ఉన్నాడు. నా గోడు విని పొట్ట చెక్కలయ్యేలా నవ్వినాడు. ఆ పెట్టె ఆయనదేనంట! మీ ఊరి రోడ్డు కొలవడానికి వచ్చినాడంట. అయితే ఒక మంచి మాట. ఆ పెట్టెలోంచి చూసిందంతా అప్పటికప్పుడు టైముతో సహా ఒక పుస్తకంలో రాసుకున్నాడు. గవర్నమెంటు పుస్తకం, ఇంకా ఇంట్లోనే దాచుకున్నాడు. ఆయన చేతిరాత నాకు ఎక్కలేదు. పుస్తకమే రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను, మీరే చదువుకోండి. రైలు మాత్రం ఎక్కొద్దు.

ఇట్లు,
నీ అక్క చెప్పినట్టు నడుచుకునే
వెంకటపతి

మళ్ళీ రాసేది: ఆ పెట్టెలో అన్నీ తలకిందులుగా కనపడతాయంట. నువ్వు మూడుసార్లు చొక్కా సర్దుకున్నది ఆయన లెక్కలో కాళ్ళు పైకి పెట్టుకునే.

కే.జీ.కండిగై,
4-7-86

బావకు. దండం పెట్టలేదు, గమనించు.

పుస్తకం వచ్చింది. ఊరు ఊరంతా కూడింది. గవర్నమెంటు పుస్తకం అబద్ధం చెప్పదని నేనే మైకులో మూడుసార్లు చెప్పినాను. ప్రెసిడెంటు ఆ తేదీ తీసినాడు. అంతా అరవంలో ఉంది. 4.40 గంటల దగ్గర ఒకటే లైను: "ఏళుమలై కోల్." అరవంలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం గదా, గోల్ అన్నా అట్లే రాస్తారు. ఏళుమలై గోల్! వాణ్ణి భుజాల మీద ఎత్తుకున్నారు. నా చేతిలో మైకు పీక్కున్నారు. నిన్ననే రాయి చెక్కేసినారు, అరవంలోనే, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు.

ఏడుపొచ్చింది బావా. పదిహేడేళ్ళు నా కాలిదనుకున్న గోల్‌ను తలకిందులుగా చూసినవాడు ఒక్క లైనుతో లాక్కున్నాడు.

ఇట్లు,
గేటు వదిలి గోడ దూకి గ్రౌండుకు పోతున్న
చెంగల్రాయుడు

మళ్ళీ రాసేది: ఏళుమలై నా సైకిల్‌కు గాలి కొట్టి, "ఏమీ అనుకోవద్దన్నా" అన్నాడు. ఆ గాలి ఇంటికి వచ్చి తీసేసినాను.

మణవాళనగర్,
9-7-86

చెంగల్రాయుడికి, తిరువళ్ళూరు టీము గోల్‌కీపరు హోదాలో రాసేది.

నీ జాబు విని నటరాజన్ తల పట్టుకున్నాడు. అది గోల్ కాదంట, కోలే! రోడ్డు కొలతకు నిలబెట్టే పొడుగు కర్ర. దాన్ని పట్టుకున్న ఆయన మనిషి పేరు ఏళుమలై. మీ ఏళుమలై కాదు, ఎవరో వేరే ఊరి ఏళుమలై. సరిగ్గా నా గోల్‌పోస్టు పక్కన నిలబడినాడంట. 4.40కి నువ్వు కొట్టిన బంతి, అవును, చారల నిక్కరువాడే అన్నాడు, నువ్వే కొట్టినావు, బయటికి పోతూ పోతూ ఆ కర్రకు తగిలి లోపలికి తిరిగింది. అందుకే కోల్ సంగతి రాసుకున్నాడు.

అంటే నువ్వు కొట్టింది అవుట్. అవుట్‌కు గోల్ ఇచ్చినారు. న్యాయంగా షీల్డు మాది. మా టీమువాళ్ళకు ఇంకా చెప్పలేదు. వాళ్ళల్లో తంగరాజుకు తెలిస్తే లారీ వేసుకుని వస్తాడు. ఏమంటావో తిరుగు టపాలో రాయి.

ఇట్లు,
ఓడని
వెంకటపతి

మళ్ళీ రాసేది: బంతి తగిలి ఆ కర్ర పక్కకు జరిగిందంట. మళ్ళీ కొలిచే ఓపిక లేక నటరాజన్ అట్లాగే రాసుకున్నాడు. మీ ఊరి దగ్గర రోడ్డు అంత వంకర ఎందుకు తిరిగిందో ఇప్పుడు తెలిసిందా?

కే.జీ.కండిగై,
14-7-86

మా బంగారు బావకు కోటి దండాలు. ఇక్కడ అందరం క్షేమం. షీల్డు పంచాయతీ బీరువాలో క్షేమం.

నీ జాబు చదివి వెంటనే పొయ్యిలో పెట్టినాను. గోవిందమ్మ ఆ మంట మీదే కాఫీ కాచింది. నటరాజన్ గారికి మా చేని వేరుశనక్కాయ ఒక మూట పంపుతున్నాను, తెగులు లేనిదే. ఇక కండిగై మాట ఎత్తొద్దని ఆయనకు చెప్పు. తంగరాజుకు ఆ లారీ పని లేకుండా చూడు.

బాగా ఆలోచించినాను బావా. రాయిని కదిలించేది లేదు. గవర్నమెంటు పుస్తకం అబద్ధం చెప్పలేదు, రాయీ చెప్పలేదు. గోల్ ఏళుమలైదే. ఏ ఏళుమలై అన్నది నీకూ, నాకూ, మా పొయ్యికీ తెలిస్తే చాలు. మా ఏళుమలై తన పేరుకు తానే పూలమాల వేసుకుంటున్నాడు. మొన్న శుక్రవారం ఆ గేటు దగ్గరే నేను వాడికి నిచ్చెన పట్టుకున్నాను. ఒట్టు తీసి గట్టున పెట్టినాను.

ఇట్లు,
అవుటో గోలో, బంతి కొట్టింది మాత్రం తానే అయిన
చెంగల్రాయుడు

మళ్ళీ రాసేది: నిన్న సాయంత్రం రోడ్డు వంకర దగ్గర కూర్చుని చూసినాను. తిరుత్తణి బస్సు, చెరకు లారీ, తాసీల్దారు జీపు, ఒక్కటి కూడా నేరుగా పోలేదు. ఏళుమలైకి రాయి ఉంటే ఉండనీ. నా గోల్ దగ్గర ప్రతి బండీ వంగి పోతోంది.